సర్వర్ లేదన్న పిల్ల

ఓబులమ్మకు ఆ పొద్దున కోపం వచ్చిందంటే న్యాయంగానే వచ్చింది. కనీసం ఆమె అలాగే అనుకుంది.

ప్రొద్దుటూరులో తలసీమియా పిల్లల కోసం ఒక ట్రస్టు నడిపే కేంద్రం ఉంది. ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పిల్లలు నెలనెలా అక్కడికి వచ్చి, ఒక పూట మంచం మీద పడుకుని, ఇంకొకరి రక్తం ఎక్కించుకుని పోతుంటారు. ఏ పిల్లకు ఎప్పుడు ఏ రక్తం ఇచ్చారు, ఎవరికి ఏది పడలేదు అనే వివరాలన్నీ ఒక సర్వర్లో ఉంటాయి. కాగితం ఫైళ్ళు ఎప్పుడో మానేశారు. ఆ సర్వర్ బాగోగులు చూసే మనిషి ఓబులమ్మ.

ఆ సర్వర్ని తలుచుకుంటేనే ఆమెకు ఒళ్ళు మండేది. దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్, లినక్స్, పాతది. లినక్స్ మీద నడుస్తూ రికార్డులన్నీ దాచే డేటాబేసు ఇంకా పాతది. తయారుచేసినవాళ్ళే దాన్ని ఇక మేం పట్టించుకోం, కొత్తదానికి మారండి అని చెప్పి చేతులు దులుపుకుని ఏళ్ళయింది. మారదామంటే, ఆ డేటాబేసుతో మాట్లాడే ప్రోగ్రాము రాసిన కంపెనీ కాస్తా మూతపడింది. కొత్త డేటాబేసు పెడితే ఆ ప్రోగ్రాము నోరు విప్పదు. ఓబులమ్మకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళందరూ "నడుస్తాంది కదా" అనే ఒక్క ముక్కతో కాలం నెట్టుకొచ్చారు. ట్రస్టు సెక్రటరీగారిదీ అదే ముక్క. ఈ దేశంలో పాడైపోయిన ప్రతిదాని వెనకా ఎవరో ఒకరు ఆ ముక్క అనే ఉంటారు.

"నడుస్తాంది కాబట్టే భయం సార్. ఆగిపోతే దాన్ని లేపేవాళ్ళు ఎవరూ లేరు" అని ఓబులమ్మ మీటింగులో బల్ల గుద్దింది. చేయి వాచింది గానీ పని సగమే జరిగింది. కింద ఉన్న లినక్స్ మార్చుకో, డేటాబేసు జోలికి మాత్రం పోవద్దన్నారు.

ఆ సగాన్నే ఆమె పోయిన ఆదివారం చేసేసింది. కొత్త లినక్స్ వేసి, పాత డేటాబేసును ఉన్నది ఉన్నట్టుగా తెచ్చి దాని మీద కూర్చోబెట్టింది. మార్చకముందు ఎన్ని రికార్డులు ఉన్నాయో మార్చాక అన్నీ ఉన్నాయి. ఫైలుకు ఫైలు సరిపోల్చి చూసుకుంది. ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. మచ్చుకు కొన్ని పేర్లు వెతికితే టక్కున దొరికాయి. ఇంటికి పోయి తలంటుకుని, గురువుకు ఫోన్ చేసింది.

గురువు పేరు ఖాసిం పీరా. ఒకప్పుడు పెద్ద పెద్ద ఆఫీసుల్లో మెషిన్లు చూసిన మనిషి. ఇప్పుడు ఒక సైకిల్ షాపు మీది గదిలో కొద్దిమందికి లినక్స్ నేర్పుతాడు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. ఆయనకు ముక్కు మీదే కోపం. ఒక శిష్యుడు ఫోన్ చేసి "సర్వర్ చచ్చిపోయింది ఉస్తాద్" అంటే, "శవాన్ని చూసినావా?" అని అడిగాడు. వాడు నీళ్ళు నమిలాడు. ఆ తర్వాత చాలా రోజులు వాణ్ణి గది మెట్లెక్కనివ్వలేదు. చూడకుండా మాట్లాడితే ఆయనకు అంత మంట.

అలాంటి మనిషిని ఓబులమ్మ "బుధవారం ఒకసారి వచ్చి నా పని చూసి పోండి ఉస్తాద్" అని పిలిచింది. ఆయన నోటి నుంచి మెప్పు రావడం ఆమె ఎన్నడూ ఎరగదు. ఈసారి తప్పదని మాత్రం గట్టిగా నమ్మింది.

బుధవారం వచ్చింది. ఆయన ఇంకా రాలేదు. కౌంటరులో కూర్చునే సువార్త సర్వర్ గది తలుపు తోసి తల లోపలికి పెట్టింది.

"ఒకసారి రామ్మా. ఒక కార్డు నంబరు కొడితే లేదంటాంది."

"సరిగ్గా కొట్టు."

"మూడుమాట్లు కొట్టినా. పేరుతో కూడా వెతికినా. లేదంటాంది. ఆ యమ్మ గొడవ చేస్తాంది."

ఓబులమ్మ లేచింది. గురువు వచ్చే వేళకు ఈ తలనొప్పి ఏమిటని విసుక్కుంటూనే లేచింది.

కౌంటరు దగ్గర నిలబడిన ఆమె పేరు కుళ్ళాయమ్మ. చాపాడు దగ్గరి పల్లె నుంచి మొదటి బస్సుకు వచ్చింది. తొమ్మిదేళ్ళ కూతురు చందన బెంచీ మీద గోడకు తల ఆనించుకుని కూర్చుంది. పిల్ల పెదాలు సున్నం పూసినట్టున్నాయి. రక్తం ఎక్కించాల్సిన రోజు దాటిపోయింది. జ్వరం వచ్చి ఆగారట.

లోపల డాక్టరమ్మ ఈ నెలలోనే కొత్తగా చేరింది. ఆమె చెప్పాల్సింది తేల్చి చెప్పేసింది. ఈ పిల్లకు ఒకసారి రక్తం పడక ప్రాణం మీదికొచ్చిందని తల్లి అంటోంది. ఏది పడలేదో తల్లికి తెలియదు. ఇప్పుడు పరీక్ష చేసినా అది బయటపడకపోవచ్చు. రికార్డులో ఉంటుంది. ఆ రికార్డు చూడందే రక్తం బ్యాగు పెట్టనంది. ఆమె తప్పేమీ లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. పోయిన ఎండాకాలంలో ఎవరో ఇలాంటి కార్డులే దొంగవి అచ్చేయించి, పిల్లల మందులు పట్టుకుపోయి బయట అమ్ముకున్నారు. అప్పటి నుంచి కొత్త నంబర్లమీద, లేని నంబర్లమీద ఓబులమ్మకు ఒక కన్ను ఉండేది.

ఆమె కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పింది. పేరు, నంబరు, ట్రస్టు ముద్ర తప్ప దాని మీద ఏమీ లేదు. నంబరు తానే స్వయంగా కొట్టింది. లేదు అని వచ్చింది.

"ఈ కార్డు ఎవరిచ్చినారు?"

"ఎవరియ్యడమేంది? మీరే ఇచ్చినారు. ఈడనే, ఈ కౌంటర్లోనే."

"మా దాంట్లో ఈ నంబరు లేదు. పేరూ లేదు."

"లేదంటావేందిమ్మా? నా బిడ్డ రెండేండ్లప్పటి నుంచి ఈడికే వస్తాంది. ఆ కిటికీ పక్క మంచం మీదనే పండుకుంటాది. పోయిన నెల గూడా వచ్చినాం."

"వచ్చింటే ఉండల్ల కదా. ఉంటే కనపడల్ల కదా."

"నీ మిషన్లో లేకుంటే నా బిడ్డ లేనట్టేనా?"

సువార్త మెల్లగా, "ఈ పాపను చూసినట్టే ఉందమ్మా" అంది.

"మొహాలు చూసి రక్తం ఎక్కిస్తామా?" ఓబులమ్మ ఆమె మీద గయ్‌మంది. "ఆదివారమే అంతా సరిచూసినా. ఒక్క రికార్డు కూడా పోలేదు. పోనప్పుడు లేదంటే, ముందు నుంచీ లేదనే కదా అర్థం?"

ఆ మాటలో ఎక్కడా తప్పు కనపడదు. కోపంలో ఉన్న తెలివైనవాళ్ళ మాటలు అలాగే ఉంటాయి.

కుళ్ళాయమ్మ కౌంటరు బల్లను రెండు చేతులతో పట్టుకుంది. "నువ్వు పెద్ద చదువులు చదివింటావు. నాకు చదువు లేదు. నా బిడ్డ మొహం చూడు ఒకసారి. దానికి రక్తం కావల్ల. ఈ పొద్దే కావల్ల. నీ లెక్కలు రేపు చూసుకో."

"అమ్మా, ఈ మధ్య దొంగ కార్డులు తిరుగుతాండాయి. ఇది యాడ తెచ్చుకున్నారో చెప్పండి. మిమ్మల్ని ఏమీ అనము."

బెంచీ మీద ఉన్నవాళ్ళందరూ తలలు తిప్పారు. చందన కూడా గోడ నుంచి తల ఎత్తింది.

"దొంగ కార్డా?" కుళ్ళాయమ్మ గొంతు పైకి లేచింది. "ఏమంటివి? ఇంకోసారి అను. నా బిడ్డ ముందర నన్ను..."

ఓబులమ్మ వినలేదు. వెనక్కి తిరిగి సర్వర్ గదిలోకి పోయి తలుపు ధడాలున వేసుకుంది. లోపల నిలబడి పళ్ళు కొరికింది. బయట కుళ్ళాయమ్మ మాటలు తలుపుకు తగులుతూనే ఉన్నాయి. మెషిన్ల హోరులో అవి ఏమిటో తెలియలేదు. తెలుసుకోవాలని ఆమెకూ లేదు.

కొంచెంసేపటికి తలుపు తెరుచుకుంది. సువార్త అనుకుని అరవబోయింది. వచ్చింది ఖాసిం పీరా. చంకలో గొడుగు, కాళ్ళకు పాత తోలు చెప్పులు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో మొహం చూస్తే తెలియలేదు.

"రండి ఉస్తాద్. మంచి టైముకు వచ్చినారు. ఇట్లాంటోళ్ళతో పడల్ల నేను." ఆమె గబగబా కుర్చీ లాగి తెర మీద ఒక్కొక్కటీ చూపించింది. మార్చకముందు రికార్డుల సంఖ్య, మార్చాక సంఖ్య, ఫైళ్ళను సరిపోల్చిన ఫలితం. అన్నీ పచ్చటి అక్షరాలు. "ఈ పాత పీనుగ డేటాబేసును ఒక్క గీత పడకుండా కొత్త లినక్స్ మీదికి తెచ్చినా. ఇంతకంటే శుభ్రంగా ఎవరు చేస్తారు చెప్పండి?"

ఆయన నిలబడే చూశాడు.

"సంఖ్య సరిపోయింది" అన్నాడు.

"సరిపోయింది ఉస్తాద్."

"ఆ పిల్ల?"

"లేదు ఉస్తాద్."

అనేశాక ఆమెకు సైకిల్ షాపు మెట్లు గుర్తొచ్చాయి. ఆయన ముందు ఆ మాట అన్నవాళ్ళకు ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. తిట్టు వస్తుందని భుజాలు బిగించుకుంది. రాలేదు. ఆయన గొడుగు తీసి కుర్చీకి తగిలించి హాల్లోకి పోయాడు.

ఓబులమ్మ తలుపు దగ్గరికి వచ్చి చూసింది.

హాల్లో గోడ పొడవునా బెంచీ ఉంది. ఖాసిం పీరా ఈ చివర కూర్చున్న మొదటి మనిషి ముందు వంగాడు. రక్తం ఇవ్వడానికి వచ్చిన లారీ డ్రైవరు అతను.

"పేరేంది నాయనా?"

"ఓబుళరెడ్డి సార్."

"ఊరు?"

చెప్పాడు. ఆయన తల ఊపి పక్క మనిషి దగ్గరికి జరిగాడు. చంటిబిడ్డను ఒళ్ళో వేసుకున్న ఆమె. పేరేంది మా, ఊరేంది. తర్వాత ఒక ముసలాయన. ఆయనకు చెవుడు, రెండుసార్లు అడగాల్సి వచ్చింది. అడిగాడు. ఎవరైనా ఎందుకు సార్ అంటే జవాబు చెప్పడు. పేరు మాత్రం చెప్పేదాకా కదలడు.

ఓబులమ్మకు మళ్ళీ ఒళ్ళు మండటం మొదలైంది. ఆ పిల్ల కిటికీ వైపు మూలలో కూర్చుని ఉంది. పాలిపోయిన మొహం, పక్కన ఏడుస్తున్న తల్లి. ఎంత దూరం నుంచి చూసినా కనపడుతున్నారు. ఈయన నేరుగా పోయి పలకరించవచ్చు కదా. ఇంటింటికీ జనాభా లెక్కలు రాసుకునేవాడిలా ఈ తిరుగుడేమిటి? అవతల పిల్ల ప్రాణం మీదికి వస్తుంటే!

ఆయన జరుగుతూ జరుగుతూ చందన దగ్గరికి వచ్చాడు. అక్కడా అంతే వంగాడు.

"పేరేంది మా?"

"చందన."

"ఊరు?"

చెప్పింది.

"ఏం కావల్ల?"

"రక్తం." పిల్ల ఊపిరి కూడదీసుకుంది. "ఎడం చేతికి వద్దు. నరం దొరకదు, ఊరికే పొడుస్తారు. కుడి చేతికైతే ఒక్కసారికే."

ఆయన తల ఊపాడు. కుళ్ళాయమ్మ ఆయన్ని కూడా ఎర్రటి కళ్ళతో చూసింది. దొరికింది కదా అని ఆయన ఆగలేదు. చందన అవతల కూర్చున్నవాళ్ళనూ అడిగి, బెంచీ చివరిదాకా పోయి, అప్పుడు వెనక్కి వచ్చాడు.

"ఉండాది" అన్నాడు.

"ఎవరు?"

"చందన. కుడి చేతికే పొడవల్లంట."

ఓబులమ్మ కోపం ఇక ఆగలేదు. గురువన్న వెరపు కూడా పోయింది. "బెంచీ మీద ఉండేది నాకూ తెలుసు ఉస్తాద్! నేను చెప్పేది సర్వర్లో లేదని. అయినా ఒక్కొక్కర్నీ అడుక్కుంటా పోయేదెందుకు? సువార్తను అడిగింటే వేలు పెట్టి చూపించేది కదా?"

"చూపించేవాళ్ళే తప్పు చూపిస్తే?"

అంతే అన్నాడు. అని, కుర్చీలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

ఓబులమ్మ తెర వైపు తిరిగింది. చూపించేవాళ్ళు.

కార్డు నంబరు కొట్టినప్పుడు డేటాబేసు రికార్డులన్నీ తిరగేయదు. అంత ఓపిక దానికి ఉండదు. దానికి ఒక ఇండెక్స్ ఉంటుంది. నంబర్లన్నీ ఒక వరుసలో పేర్చుకుని, ఏ నంబరు ఎక్కడుందో చూపించేది అదే. అది చూపించిన చోటికి పోయి, అక్కడ ఉంటే ఉంది అంటుంది, లేకపోతే లేదు అంటుంది. పేర్లకూ అలాంటిదే ఇంకోటి. పొద్దున్నుంచి సువార్త అడిగింది దాన్నే. తాను అడిగిందీ దాన్నే. రికార్డుల ముందు నుంచి ఒక్కరూ నడిచి పోలేదు. ఆదివారం తాను తలలు లెక్కపెట్టింది. మొహాలు చూడలేదు.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇండెక్సును పక్కన పెట్టు, మొదటి రికార్డు నుంచి చివరిదాకా ఒక్కొక్కటీ చూడు అని డేటాబేసుకు చెప్పింది. పాత డేటాబేసు కాసేపు గుర్రుగుర్రుమంది. తెర మీద కర్సరు మెరుస్తూ ఉంది.

చందన. తల్లి కుళ్ళాయమ్మ. కార్డు మీది నంబరే. రెండేళ్ళ వయసు నుంచి వచ్చిన ప్రతి నెలా ఉంది. కింద, ఏ రక్తం పడదో ఎర్ర అక్షరాల్లో ఉంది. ఆ కింద ఎవరో పాత నర్సు రాసిన ఒక ముక్క కూడా ఉంది. ఎడమ చేతికి నరం దొరకదు, కుడి చేతికే ఎక్కించాలి.

ఓబులమ్మ ఆ రికార్డు ప్రింటు తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది. కుళ్ళాయమ్మ ముందు నుంచే పరుగెత్తింది, కానీ ఆమె వైపు చూడలేదు. డాక్టరమ్మ చదివి, "ఇది లేకుండా ఎక్కించి ఉంటే..." అని ఆగి, ఫ్రిజ్ దగ్గరికి పోయింది. సరిపడే బ్యాగు ఉంది. చందనను కిటికీ పక్క మంచం మీదికి తీసుకుపోయారు.

వెనక్కి వచ్చి కూర్చున్నాక కారణం దొరకడం ఎంతసేపు? ఏ అక్షరం ముందు, ఏ గీత వెనక అనే వరుసను డేటాబేసు సొంతంగా పెట్టుకోదు. కింద ఉన్న లినక్సును అడిగి తెలుసుకుంటుంది. కొత్త లినక్సులో ఆ వరుస కొంచెం మారింది. ఇండెక్సేమో పాత వరుసలో కట్టింది. బస్సు రూటు మార్చి కండక్టరుకు చెప్పనట్టయింది. మధ్యలో గీతలున్న నంబర్లు కొన్ని, పేర్లు కొన్ని దారి తప్పాయి. కొన్ని తప్పలేదు. ఆమె మచ్చుకు వెతికినవి తప్పని వాటిలో ఉన్నాయి. ఇండెక్సులను మళ్ళీ కొత్తగా కట్టుకోమంటే చాలు. ఒక్క ఆజ్ఞ. ఆమెకు తెలియని విషయం కూడా కాదు. ఎప్పుడో చదివింది. మార్చింది లినక్సునే కదా, డేటాబేసు జోలికి పోలేదు కదా అనుకుని దాటేసింది. తన చెంప తానే వాయించుకోవాలన్నంత కోపం వచ్చింది.

ఆజ్ఞ ఇచ్చింది. ఇండెక్సులు కట్టుకోవడం అయిపోయింది. చందన నంబరు కొడితే ఈసారి టక్కున వచ్చింది.

అప్పుడు ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. ఆదివారం నుంచి సర్వర్ ఇలాగే లేదు లేదు అంటూ ఉంటే, సోమ, మంగళవారాల్లో వచ్చినవాళ్ళ సంగతి? ఒకే పేరు, ఒకే తల్లి, ఒకే పుట్టినరోజు రెండుసార్లు ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వెతికింది. ఇద్దరు పిల్లలు దొరికారు.

సువార్తను కేకేసింది. "వీళ్ళ దగ్గర కార్డులు లేవా?"

సువార్త తెర చూసి గుర్తు తెచ్చుకుంది. "ఉండాయమ్మా, చూపించినారు. నంబరు లేదంటాంది అంటే, అట్లనా, సరేలేమ్మా, కొత్తగా రాసుకోండి అన్నారు. మర్యాదగల్లోళ్ళు. పాత కార్డులు ఇచ్చేసి కొత్తవి తీసుకోని పోయినారు. ఊరికే పరీక్షలకు వచ్చినారులే. రక్తం వచ్చే వారం."

కొత్త రికార్డుల్లో ఏమీ లేదు. తెల్లటి గడులు. పాత రికార్డుల్లో ఒక పిల్లవాడి పేరు కింద ఎర్ర అక్షరాలు ఉన్నాయి.

వచ్చే వారం ఆ పిల్లవాడు వచ్చేవాడు. డాక్టరమ్మ తెల్లటి గడులు చూసి బ్యాగు పెట్టేది. ఇండెక్సు గురించి ఎవరూ ఏమీ అడిగి ఉండేవారు కాదు. రెండు రోజులుగా ఇంతమంది వచ్చిపోతే, నా బిడ్డ ఉంది అని బల్ల పట్టుకుని అరిచింది ఒక్కతే.

ఆ ఇద్దరి ఇళ్ళకూ ఫోన్ చేసింది. కొత్త కార్డులు పని చేయవని, కౌంటర్లో ఉన్న పాతవే తిరిగి ఇస్తామని, తప్పు తమదేనని చెప్పింది. కొత్త రికార్డులను రద్దు చేసి ఆ రెండు రోజుల పరీక్షల ఫలితాలను పాతవాటికి కలిపింది. ఆదివారం నాటి పచ్చటి అక్షరాలు ఇంకా తెర మీద ఒక పక్కన వెలుగుతున్నాయి. వాటిని మూసేసింది.

ఖాసిం పీరా కుర్చీలోంచి కదలలేదు. ఏమయిందని అడగలేదు. తెర వైపు తల కూడా తిప్పలేదు.

"ఉస్తాద్" అంది ఓబులమ్మ.

"ఊఁ."

"తిట్టండి."

"దేనికి?"

"దేనికేంది ఉస్తాద్? చిన్న మాటకే మెట్లెక్కనీరు మీరు. నేను ఇంత చేస్తే ఒక్క మాట కూడా అనరే?" ఆమె గొంతులో ఏడుపు కన్నా కోపమే ఎక్కువ ఉంది. ఎవరో ఒకరు నాలుగు తిడితే ఈ బరువు దిగిపోతుందనిపించింది.

ఆయన లేచి గొడుగు చంకలో పెట్టుకున్నాడు.

"ఆ యమ్మ తిడతా ఉండె. సగంలో నువ్వు తలుపేసుకుంటివి" అన్నాడు. "పో. మిగతా సగం విని రా."

ఓబులమ్మ వార్డులోకి పోయేసరికి బ్యాగు సగం కూడా దిగలేదు. కిటికీ పక్క మంచం మీద చందన పడుకుని ఉంది. కుడి చేతికి సూది. పెదాల్లోకి ఇంకా రంగు రాలేదు గానీ కళ్ళు తెరిచే ఉన్నాయి. కుళ్ళాయమ్మ మంచం పట్టె మీద కూర్చుని పిల్ల కాళ్ళు ఒత్తుతోంది. ఓబులమ్మను చూసి ఒత్తడం ఆపింది.

వస్తూ వస్తూ ఓబులమ్మ చెప్పాల్సిందంతా కూర్చుకుంది. లినక్స్ మారింది, వరుస మారింది, ఇండెక్స్ తప్పింది, మీ కార్డు అసలైనదే. ఆ మొహం ముందు నిలబడ్డాక అదంతా పక్కన పెట్టింది.

"ఇందాక మీరు ఏదో అంటాంటే పోయినాను" అంది. "చెప్పమ్మా."

కుళ్ళాయమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. ఏడుపు ఆరిపోయిన మొహం అది. గొంతు తగ్గింది గానీ కోపం తగ్గలేదు.

"చెప్పేకేముండాది? నీ మిషన్ లేదనింది. సరే, మిషన్ది ఏముండాది, దానికి నోరుండాదా, కండ్లుండాయా? నువ్వు మనిషివి కదా. నా బిడ్డ ముందర నన్ను దొంగను చేస్తివి. ఇంగ రేపటి నుంచి దీన్ని తోడుకోని ఆ కౌంటరు ముందర నేను ఎట్ల నిలబడల్ల? ఇది ఏమనుకోవల్ల? మాయమ్మ యాడనో దొంగతనంగా తెచ్చిన కార్డుతో నాకు రక్తం ఎక్కిస్తాంది అనుకోవల్లనా?"

తలుపు వేసుకున్నప్పుడు ఆగిపోయిన వాక్యం ఇదన్నమాట. ఓబులమ్మ ఇంతసేపూ అది కార్డు గురించే అనుకుంది. కార్డు సంగతి సర్వర్లో సరిచేసింది కూడా.

ఆమె మంచం దగ్గరికి జరిగి పిల్ల వైపు తిరిగింది.

"చందనా, మీ యమ్మ దొంగ కాదు. తప్పు నాది. నేను చూడకుండా మాట్లాడినా."

చందన ఆమెను కళ్ళార్పకుండా చూసింది. ఆ చిన్న మొహంలో తల్లి కోపమే ఉంది, అచ్చంగా అదే.

"మాయమ్మ కాదని నాకు తెలుసు" అంది. "నీకే తెలీలేదు."

కుళ్ళాయమ్మ మళ్ళీ పిల్ల కాళ్ళు ఒత్తడం మొదలుపెట్టింది. కూర్చోమని అనలేదు. బ్యాగులోంచి చుక్క చుక్క దిగుతూ ఉంది. ఓబులమ్మ మంచం కాళ్ళ వైపు నిలబడి, ఆఖరి చుక్క దిగేదాకా అక్కడే ఉంది.